ఎవరు మేపుతున్నారు?

పర్చూరు,
12 జనవరి 2025

మెహర్‌కు,

మీ అత్త సలాం చెప్పి రాస్తున్నది. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో చెప్పే సంగతైతే ఫోన్‌లోనే చెప్పేదాన్ని. నా ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టేది సిద్దికా, రీఛార్జి చేయించేది సిద్దికా, ఎవరు చేసినా ముందు ఎత్తేదీ సిద్దికానే. మాట్లాడిన మాటలన్నీ అందులో ఉండిపోతాయని పక్క షాపు ఆయన చెప్పాడు. అందుకని పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్నాను. అంటించిన చోట అడ్డంగా నా సంతకం పెట్టాను. గీత కలవకపోతే ఎవరో విప్పారని అర్థం. చూసి చెప్పు.

సంగతి ఇది. నా కోడలు నాకేదో పెడుతోంది.

ఇలా రాసినందుకు నన్ను చెడ్డదాన్ని అనుకో, ఫర్వాలేదు. పత్తి తీతలు మొదలైన దగ్గర్నుంచి నా తొడల మీద, పొట్ట మీద గోధుమరంగు మచ్చలు లేస్తున్నాయి, శనగబద్దంత. వేడినీళ్లు పోసుకుంటే ఒకటే దురద. అదైతే ఓర్చుకుంటాను. పోయిన శుక్రవారం మోకాళ్లు సలుపుతుంటే మాత్ర వేసుకుని, ఒక పెళ్లివారి పరుపు కుట్టడానికి కూర్చున్నాను. సిద్దికా టీ తెచ్చింది. తాగి, సూదిలో దారం ఎక్కించానో లేదో ముఖం కారం పూసినట్టు మండి, గుండె దడదడ కొట్టుకుని, అలాగే దూది మీద ఒరిగిపోయాను. మా అబ్బాయి అయూబ్ నీళ్లు చల్లి లేపాడు. నేను కళ్లు తెరిచేసరికి సిద్దికా టీ గ్లాసు కడుగుతోంది. అంత హడావుడిలో గ్లాసు కడగడం గుర్తొచ్చిందంటే ఏమనుకోవాలి?

దానికి అంత అవసరం ఏమొచ్చిందంటావా? "దూది పరుపులు ఇంకెవరు కొంటారత్తయ్యా, షాపులో ఫోమ్ పరుపులు పెడదాం" అని పెళ్లయిన దగ్గర్నుంచి అంటోంది. నేను ఉన్నంతకాలం ఆ షాపులో ఫోమ్ అడుగుపెట్టదు. ఆ సంగతి దానికి బాగా తెలుసు.

నువ్వు చదువుకున్నదానివి. ఒంట్లో పడ్డదాన్ని కనిపెట్టే పరీక్ష ఏదైనా ఉంటే చెప్పు. మీ నాన్నకు మాత్రం చెప్పకు. నా తమ్ముడే అయినా వాడి కడుపులో మాట దాగదు.

నీ మేలు కోరే అత్త,
రసూల్‌బీ


మంగళగిరి,
19 జనవరి

అత్తా, సలాం.

నీ సంతకం గీత చక్కగా కలిసే ఉంది. ఎవరూ విప్పలేదు. నీ ఉత్తరం చూసి మా ల్యాబ్‌లో అందరూ అదేదో కోర్టు కాగితం అనుకున్నారు.

ఒక పని చెయ్యి. ఒక మచ్చను గోటితో గట్టిగా రుద్దు. కాసేపటికి దద్దురులా ఉబ్బితే ఆలస్యం చేయకుండా గుంటూరు వెళ్లి చర్మం డాక్టరుకు చూపించు. నాకు అనుమానం ఎందుకంటే, నువ్వు చెప్పినవన్నీ చేసే కణాలనే నేను రోజూ చూస్తున్నాను. మాస్ట్ కణాలంటారు. మనందరి చర్మంలోనూ ఉంటాయి. ఒక్కో కణం నిండా సన్నరవ్వ లాంటి గింజలుంటాయి. రెచ్చిపోయాయంటే వాటిలో ఉన్నదంతా బయటికి చిమ్ముతాయి. దురద, వాపు, ఎక్కువైతే బీపీ పడిపోయి మనిషి కూలిపోవడం, అన్నీ వాటి పనే. కొందరి ఒంట్లో ఇవి మోతాదు మించి పెరుగుతాయి.

నేనే వద్దామనుకున్నాను గానీ వీటిని వదిలి రాలేను. ఆపరేషన్లలో తీసేసిన చర్మం నుంచి వీటిని వేరుచేసి గిన్నెల్లో పెంచుతున్నాం. వీటికి గ్రోత్ ఫ్యాక్టర్ అని ఒక పదార్థం కావాలి, మేత అనుకో. ఒంట్లో ఉన్నప్పుడు పక్కనున్న కణాలు పెడతాయి. గిన్నెలో మేం పెడతాం. బయటి నుంచి ఎవరో ఒకరు మేపకపోతే ఇవి పెరగవు, చచ్చిపోతాయి. అందుకే నాకు ఆదివారం కూడా సెలవు లేదు.

సిద్దికా మీద మాత్రం తొందరపడకు. కంగారులో ఉన్నవాళ్లు చేతికి దొరికిన పని చేస్తారు. నేనూ అంతే.

నీ మెహర్


పర్చూరు,
9 ఫిబ్రవరి

మెహర్‌కు అత్త దీవెనలు.

నువ్వు నూరేళ్లు బతకాలి. మచ్చ రుద్దితే ఉబ్బింది. గుంటూరు డాక్టరు చర్మం ముక్క తీసి పరీక్షకు పంపాడు. నువ్వు చెప్పిన పేరే చెప్పాడు. ఆ కణాలు కుప్పలుగా ఉన్నాయట. మందులేమైనా వాడుతున్నావా అని అడిగాడు. బీపీ లేదు, షుగర్ లేదు, నాకేం మందులు అన్నాను.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివాను. "బయటి నుంచి ఎవరో ఒకరు మేపకపోతే ఇవి పెరగవు." ఆ మాట కింద గీత గీశాను. నాకు తెలియక అడుగుతాను, ఈ ఇంట్లో నన్ను మేపేది ఎవరు? పొద్దున టీ నుంచి రాత్రి మజ్జిగ దాకా ఎవరి చేతి నుంచి వస్తుంది?

జమాత్ పెద్ద ఇమాం హుస్సేన్ గారు నీకు తెలుసుగా. ఆయన్ని ఇంటికి పిలిచి అందరి ముందూ నీ ఉత్తరం చదివించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "సైన్సు చదివిన పిల్ల రాసిందంటే ఇక మనం అనేదేముందమ్మా" అన్నారు.

సిద్దికా ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ ఉత్తరం ఒకసారి చూపించమంది. మొత్తం చదివి, మడిచి, నా చేతిలో పెట్టి, లోపలికి పోయి బట్టలు సర్దుకుంది. తప్పు చేయని మనిషైతే అరవదా? ఏడవదా? తాడేపల్లిలో పుట్టింటికి పోయింది. రంజాన్ అయ్యాక పెద్దలు మళ్లీ కూర్చుంటారు. అప్పుడు తెగతెంపులే.

అయూబ్ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడతాడులే, కన్నదాన్ని వదిలి ఎక్కడికి పోతాడు.

మీ అత్త,
రసూల్‌బీ


మంగళగిరి,
15 ఫిబ్రవరి

అత్తా,

ఎంత పని చేశావు! నేను రాసింది గిన్నెలో కణాల గురించి. మేత అంటే అన్నంలో కలిపేది కాదు, టీలో పోసేది కాదు. ఒంట్లో కణాలే ఒకదానికొకటి అందించుకునే పదార్థం. బజారులో కొని తెచ్చి మనిషికి పెట్టేది కాదు. నా ఉత్తరం పట్టుకుని ఒక మనిషిని ఇంట్లోంచి పంపేశావా? ఇమాం హుస్సేన్ గారికి ఇది కూడా చదివించు. నీకు దండం పెడతాను.

నా బుర్ర కూడా సరిగ్గా లేదు. మేత ఆపేస్తే ఈ కణాలు ఎన్నాళ్లు ఉంటాయో చూడాలని కొన్ని గిన్నెల్లో ఆపేశాను. చావాల్సినవి చావలేదు. అన్నీ కాదు, కొన్ని గిన్నెల్లోవే. అవేమో నా పక్క బల్ల దగ్గర పనిచేసే త్రినాథ్ వాడుకునే అరలో ఉన్నాయి. అతను నాకు తెలియకుండా మేత వేస్తున్నాడని నా అనుమానం. నా పని చెడితే అతని పని ముందుకు వస్తుంది. మొన్న అడిగేశాను, అందరి ముందే. అతను ముఖం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయాడు. నీలాగే నేనూ అనుకున్నాను, తప్పు చేయనివాడైతే గట్టిగా కాదనడా అని.

ఆరోగ్యం ఎలా ఉంది? మళ్లీ పడిపోయావా? దాచకుండా రాయి.

మెహర్


పర్చూరు,
23 ఫిబ్రవరి

మెహర్‌కు,

ఆ త్రినాథ్‌ను నమ్మకు. పక్కనే కూర్చుని నవ్వుతూ మాట్లాడేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. నువ్వు అడిగితే ఒప్పుకుంటాడా? పట్టుకోవాలి.

మన ముడి గుర్తుందా? పరుపు మధ్యలో దూది జరగకుండా వేసే ముడి. మీ తాత నాకు నేర్పాడు, నేను నీకు నేర్పాను. సిద్దికాకి నేర్పలేదు, మంచిదే అయింది. విప్పడం తెలియనివాడు విప్పలేడు, ఎలాగో విప్పినా మళ్లీ అలాగే వేయలేడు. నీ గిన్నెలన్నీ ఒక పెట్టెలో పెట్టి దారంతో ఆ ముడి వెయ్యి. దొంగ వాడంతట వాడే దొరుకుతాడు.

నేనూ అదే చేస్తున్నాను. బియ్యం డబ్బా, నీళ్ల బిందె, కారం సీసా, అన్నిటికీ గుడ్డ కట్టి ముడులు వేశాను. నా వంట నేనే. నీళ్లు కూడా నేనే తోడుకుంటున్నాను. సిద్దికా పోయినా దాని తరఫువాళ్లు ఈ వీధిలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. పెరటి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది.

నీ రెండో ఉత్తరం ఇమాం హుస్సేన్ గారికి చూపించలేదు. పిల్ల భయపడి మాట మారుస్తోందని ఆయనకు అనిపిస్తుంది. అది నీకే మంచిది కాదు.

ఆరోగ్యం బాగానే ఉంది.

రసూల్‌బీ


మంగళగిరి,
16 మార్చి

అత్తా, సలాం. రంజాన్ రోజాలు ఎలా ఉన్నాయి, ఉపవాసం ఉండగలుగుతున్నావా?

నువ్వు చెప్పినట్టే చేశాను. గిన్నెలన్నీ పెట్టెలో సర్ది, మన ముడి వేశాను. చూడటానికి విప్పిన ప్రతిసారీ నా చేత్తోనే మళ్లీ వేశాను. ఒక్కసారి కూడా ముడి చెదరలేదు. అయినా అవి బతికే ఉన్నాయి.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. బతికినవన్నీ నేను కణాలను కిక్కిరిసేలా పోసిన గిన్నెలు. పలచగా పరిచినవి చచ్చాయి. నిండు గిన్నెలను చివర్లో సర్దాను, అప్పటికి చోటు త్రినాథ్ అరలోనే మిగిలింది, అంతే. ఆ మేత పదార్థాన్ని పట్టేసి పని చేయనివ్వని మందు ఒకటుంది. అది నిండు గిన్నెల్లో వేశాను. చచ్చాయి. అంటే మేత ఆ గిన్నెల్లో ఉంది. నేను వేయలేదు, త్రినాథ్ వేయలేదు. ఎవరూ మేపలేదత్తా. వాటికి కావలసింది అవే తయారుచేసుకుంటున్నాయి. గుంపుగా ఉంటే ఒకటి చేసింది ఇంకోదానికి అందుతుంది.

పరుగున పోయి మా మేడమ్‌కి చెబితే ఆవిడ కంప్యూటర్ తిప్పి చూపించారు. మనుషుల మాస్ట్ కణాలు తమ గ్రోత్ ఫ్యాక్టర్లు తామే చేసుకోగలవని ఇంతకుముందే కనిపెట్టి రాసినవాళ్లున్నారు. నేను చదవాల్సింది చదవకుండా మనిషిని అనుమానించాను.

త్రినాథ్‌కు క్షమాపణ చెప్పాను. "పర్లేదండి" అన్నాడు. కానీ ఇప్పుడు నేను గదిలోకి రాగానే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటున్నాడు. ఏదైనా ముట్టుకుంటే నేనేమంటానోనని.

నీ ఒంట్లో ఏం జరుగుతోందో నా గిన్నె చెప్పలేదు, అది డాక్టరు చెప్పాలి. కానీ బయటి నుంచి ఎవరో మేపితే తప్ప పెరగవని నేను రాసింది తప్పు. ఆ తప్పు మాట మీద సిద్దికా ఇల్లు వదిలి పోయింది. ఆ రాత నాది కాబట్టి ఈ రాతకూ అంతే విలువ ఇవ్వు.

గుంటూరు డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాను. ఆయన రాసిచ్చిన సూది పార్సిల్‌లో పంపుతున్నాను. మందు నింపే ఉంటుంది. నువ్వు పడిపోతే వెంటనే తొడకు గుచ్చి ఆసుపత్రికి తీసుకుపోవాలి. నీకు నువ్వు గుచ్చుకోలేవు, ఆ సమయానికి ఒళ్లు తెలియదు. పక్కన ఎవరో ఉండాలత్తా. ఎవరుంటారు?

నీ ముడులు ఎలా ఉన్నాయో రాయలేదు.

మెహర్


పర్చూరు,
24 మార్చి

మెహర్‌కు,

నీ ఉత్తరం అందింది. కవరు జిగురు రెండుసార్లు రాసినట్టుంది. మంగళగిరికీ తాడేపల్లికీ ఎంత దూరమో నాకు తెలియదనుకున్నావా? ఆటో ఎక్కితే దిగిపోవడమే. సిద్దికావాళ్లు నీ దగ్గరికి వచ్చారా, నువ్వే వాళ్ల దగ్గరికి పోయావా? నిజం రాయి. నిన్న మొన్నటిదాకా ఎవరో మేపితేనే బతుకుతాయి అన్న కణాలు ఇవాళ వాటంతటవే వండుకుని తింటున్నాయా? ఇది ఎవరికి చెబితే నమ్ముతారు?

నీకు పలక పట్టించింది నేను. ముడి నేర్పింది నేను. నువ్వు కూడా అటే పోయావు.

రోజా ఉండి కూడా పడిపోయాను తెలుసా? పోయిన వారం తెల్లవారుజామున నా చేత్తో వండుకున్న అన్నం తిని, నా చేత్తో ముంచుకున్న నీళ్లు తాగి, నమాజు చదివి పడుకున్నాను. పొద్దెక్కేసరికి ఒళ్లంతా మంట, మంచం మీద నుంచి లేవలేకపోయాను, ఇంట్లో ఎవరూ లేరు. పోయేముందు బియ్యంలో ఏదో కలిపి పోయి ఉంటుంది. కాకపోతే ఎలా వస్తుంది?

సూది డబ్బా చేరింది. గుడ్డలో చుట్టి, మన ముడి వేసి, ట్రంకుపెట్టెలో పెట్టాను. అందులో ఏ మందు ఉందో నాకేం తెలుసు.

పండగ తర్వాత రెండో శుక్రవారం పెద్దలు కూర్చుంటారు. సిద్దికానూ వాళ్ల నాన్ననూ రమ్మన్నారు.

రసూల్‌బీ


మంగళగిరి,
1 ఏప్రిల్

అత్తా, ఈద్ ముబారక్.

నీ వంట నువ్వే వండుకున్నావు. బియ్యం డబ్బాకు ముడి ఉంది, బిందెకు ముడి ఉంది. అయినా పడిపోయావు. మరి నీకు ఎవరు పెట్టారు?

ఆ తెల్లవారుజామున అన్నం కాకుండా ఇంకేమైనా వేసుకున్నావా? బాగా గుర్తు తెచ్చుకో. కొన్ని మందులకు ఈ కణాలు రెచ్చిపోతాయి.

సూది డబ్బాకు ముడి తీసెయ్యి. నా మీద కోపం ఉంటే నన్ను తిట్టు, దాన్ని మాత్రం చేతికి అందేచోట పెట్టు. తాడేపల్లి సంగతి అడిగావు. ఎదురుగా కూర్చుని చెబుతాను.

నువ్వు పడిపోయినప్పుడు ఇంట్లో ఎవరూ లేరన్నది తలుచుకుంటే నాకు నిద్ర రావడం లేదు.

నీ మెహర్


పర్చూరు,
21 ఏప్రిల్

తల్లీ మెహర్,

మంచం మీద ఒరిగి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

ఆ శుక్రవారం పెద్దలు వచ్చారు. సిద్దికా వాళ్ల నాన్న వెనకాల గుమ్మం దగ్గర నిలబడింది. చాలాసేపు కింద కూర్చోవాలి కదా అని వాళ్లు రాకముందే మోకాళ్లకు మాత్ర వేసుకున్నాను. ఇమాం హుస్సేన్ గారు "నీ మాట చెప్పమ్మా" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. ముఖం మండింది. నాలుక బరువెక్కింది. తర్వాత సంగతి నాకు తెలియదు, అయూబ్ చెప్పిందే రాస్తున్నాను.

"మెహర్ పంపిన సూది ఎక్కడుంది?" అని సిద్దికా కేక వేసిందట. మన ఇంట్లో దాని గొంతు అంతగా ఎప్పుడూ లేవలేదు. అయూబ్ ట్రంకుపెట్టెలోంచి మూట తెచ్చాడు. ముడి. వాడికి రాదు, ఎవరికీ రాదు. వాడు పళ్లతో లాగుతున్నాడు. ఇమాం హుస్సేన్ గారు గోళ్లతో ప్రయత్నిస్తున్నారు. సిద్దికా షాపులోకి పరుగెత్తి పరుపుల కత్తెర తెచ్చి ముడి మధ్యలోకి కత్తిరించింది. చీర మీద నుంచే నా తొడకు గుచ్చింది. నన్ను కూర్చోబెట్టబోతే వద్దని, పడుకోబెట్టి కాళ్లు ఎత్తి దూది మూట మీద పెట్టించింది. కారులో చీరాల ఆసుపత్రికి పోయేదాకా నా తల దాని ఒళ్లోనే ఉందట.

కళ్లు తెరిచి నేనన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "నాకెవరు గుచ్చారు?" అన్నాను. "నేనే అత్తయ్యా" అంది. ఆ క్షణంలో కూడా నా మనసు వంకరగానే పోయింది. తర్వాత నర్సు నా బొడ్డుసంచిలోంచి మాత్రల అట్ట తీసి డాక్టరుకు ఇచ్చింది. ఎప్పటి నుంచి వేసుకుంటున్నావని ఆయన అడిగాడు. "అది మందు కాదయ్యా, నొప్పి మాత్ర. పత్తి తీతలప్పటి నుంచి, సలిపినప్పుడల్లా" అన్నాను. మచ్చలు దానివల్ల రాలేదట గానీ, నా ఒంట్లో ఉన్న ఈ కణాలకు ఆ మాత్ర పడదట. టీ ముందు అదే, రోజా నాడు తెల్లవారుజామున అదే, పెద్దల ముందూ అదే. నా చేత్తో కొని, నా చేత్తో వేసుకున్నాను. సంచికి ముడి వేయాలని మాత్రం తోచలేదు.

ఇంటికి వచ్చాక సిద్దికాను అడిగాను. అంత చేశాను కదా, నా మీద కోపం రాలేదా అని. "చంపాలనుకుంటే కత్తెర ఎందుకు తెస్తానత్తయ్యా? అందరితో పాటు ముడి విప్పుతూ కూర్చునేదాన్ని" అంది. నాకు ఏడుపు ఆగలేదు. అది ఓదార్చలేదు. పక్కన కూర్చుంది, అంతే.

ఇమాం హుస్సేన్ గారిని పిలిపించి నీ ఉత్తరాలన్నీ, చూపించనివి కూడా, ఇచ్చాను. పొరపాటు నాదని ఆ రోజు కూర్చున్నవాళ్లందరి ముందూ చెప్పాను. సిద్దికా ప్రస్తుతానికి ఇక్కడే ఉంది. ఉంటుందో వెళుతుందో చెప్పలేదు. అడిగే ముఖం నాకు లేదు.

ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేను. నువ్వు తాడేపల్లి పోయావు! బత్తాయి పండు మీద దానికి సూది గుచ్చడం నేర్పావట. నా వెనకాల మీరిద్దరూ కలిశారని నేను అన్నానా లేదా? ఇన్ని అనుమానాల్లో ఆ ఒక్కటైనా నిజమైంది. అల్లా దయవల్ల నిజమైంది.

త్రినాథ్‌తో ఉత్త క్షమాపణ చాలదు. నీ గిన్నెలు ఒకరోజు అతనికి అప్పజెప్పి పర్చూరు రా.

ఈ ఉత్తరం పోస్టులో వేసేది సిద్దికానే. సంతకం పెట్టలేదు. కవరు తెరిచే దాని చేతికిస్తున్నాను. నీకు అంటించి చేరిందంటే, అంటించింది అదే.

మీ అత్త,
రసూల్‌బీ